చైనా విద్యుత్ కారు: చవకకు కారణమేమి?

నరసరావుపేట, గురజాల, మాచర్ల వీథులలో పొగగొట్టము లేని స్కూటర్లు నేడు వింత కాదు. వానిని చూచినవారికి రెండు సందేహములు కలుగుట సహజము. మండు వేసవికి పేరుపడిన రెంటచింతల ఎండకు వాని బ్యాటరీలు ఓర్చునా? అమెరికా వంటి దేశము సుంకపు గోడ కట్టవలసినంత చవకగా చైనా విద్యుత్ కారు ఎట్లు తయారగుచున్నది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చాలవరకు ఒకే పదార్థమున కలదు. అదియే లిథియం ఐరన్ ఫాస్ఫేటు.

విద్యుత్ కారులో అన్నిటికన్న ఖరీదైన భాగము బ్యాటరీ. దానిలో లిథియం అయానులు రెండు ఫలకముల నడుమ రాకపోకలు చేయుచుండును. ఛార్జి చేయునపుడు అవి ధన ఫలకమును విడిచి గ్రాఫైటు పొరలలో చేరును. కారు నడచునపుడు స్వస్థానమునకు మరలి వచ్చును. అదే సమయమున ఎలక్ట్రానులు వెలుపలి తీగగుండా ప్రవహించి మోటారును త్రిప్పును.

ధన ఫలకమును దేనితో చేయవలెను? నికెలు, కోబాల్టులతో చేసినచో తక్కువ బరువులో ఎక్కువ శక్తి నిలువయుండును. కాని కోబాల్టు ఖరీదైనది. అందులో అధికభాగము కాంగో దేశపు గనులనుండియే రావలెను. పైగా మితిమీరి వేడెక్కినపుడు అట్టి ఫలకమునుండి ఆక్సిజను వెలువడి మంట చెలరేగవచ్చును. ఐరన్ ఫాస్ఫేటులో ఆక్సిజను భాస్వరముతో గట్టిగా బంధింపబడియుండును గనుక సులభముగా వెలికి రాదు. ఇనుము, భాస్వరము చవకగా దొరకును. బరువు ఎక్కువగుట దీని లోపము. రెంటచింతల వంటి చోట ఈ నిలుకడ మేలైన గుణమే. అయినను ఎడతెగని వేడికి ఏ బ్యాటరీకైనను ఆయుర్దాయము తగ్గును. బండిని నీడన నిలుపుట మంచిది.

ఈ పదార్థపు చరిత్ర విచిత్రమైనది. 1997లో టెక్సాస్ విశ్వవిద్యాలయమున గుడెనఫ్ ఆచార్యుడును, ఆయనతో పనిచేసిన పాధి, నంజుండస్వామి అను భారతీయులును దీని గుణములను ప్రకటించిరి. ఈ పొడి విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. నలుసులను మిక్కిలి చిన్నవిగా చేసి, వానికి కర్బనపు పూత పూయుటతో ఆ చిక్కు తీరినది. అమెరికాలో ఇట్టి బ్యాటరీలు చేసిన ఏ123 సంస్థ 2012లో దివాలా తీయగా, మరుసటి ఏట చైనాకు చెందిన వాన్షియాంగ్ దానిని కొనెను. చైనాలోనో, ప్రభుత్వ సహాయముతో ముడిపదార్థముల శుద్ధి మొదలు కారు వరకు అన్ని దశలును పెరిగినవి. 2020లో బి.వై.డి. సంస్థ పొడవైన పలుచని ఘటములను కత్తులవలె వరుసగా పేర్చెను. నడుమనుండు పెట్టెలు తగ్గి, చోటును ఖర్చును కలిసివచ్చినవి.

2024 సెప్టెంబరులో అమెరికా చైనా విద్యుత్ కార్లపై సుంకమును 25 నుండి 100 శాతమునకు పెంచెను. పది లక్షల కారుకు పది లక్షల సుంకమన్నమాట. కారు ఆగినను విద్య ఆగలేదు. మిషిగన్‌లో ఇవే బ్యాటరీలు చేయుటకు ఫోర్డు సంస్థ చైనావారి సి.ఏ.టి.ఎల్. నుండి సాంకేతిక విద్యను తీసికొనదలచినట్లు 2023లోనే ప్రకటించియుండెను. టెక్సాస్‌లో పుట్టిన విద్యను అమెరికా చైనానుండి మరల నేర్చుకొనవలసి వచ్చినది!

తెలుగునాట స్థితియు ఇట్టిదే. హైదరాబాదు ఒలెక్ట్రా సంస్థ విద్యుత్ బస్సులను బి.వై.డి. సహకారముతో చేసినది, 2022 నుండి అట్టి బస్సులు తిరుమల కొండ ఎక్కుచున్నవి. మహబూబ్‌నగర్ సమీపమున దివిటిపల్లి వద్ద బ్యాటరీల కర్మాగారమునకు పూనుకొనిన అమరరాజా సంస్థ, 2024లో చైనా గోషన్ అనుబంధ సంస్థతో సాంకేతిక ఒప్పందము చేసికొనెను.

కనుగొనుట ఒకటి, లక్షలకొలది ఘటములను దోషము లేక చవకగా చేయుట వేరొకటి. సుంకపు గోడ కారును ఆపగలదు గాని ఆ నేర్పును తెచ్చిపెట్టజాలదు. ఉప్పునీటిలో రాగి, తుత్తునాగపు రేకులు ముంచి వోల్టుమీటరు ముల్లు కదలుట చూచు విద్యార్థి ఆ నేర్పునకు మొదటి మెట్టుపై నిలిచియున్నాడు.