లొంగే కణాలను మిగల్చమన్న లెక్క

మందు బాగా పనిచేస్తున్న సమయంలోనే దాన్ని ఆపేస్తే? అమెరికాలోని టాంపా నగరంలో, మోఫిట్ క్యాన్సర్ సెంటర్‌లో రాబర్ట్ గేటెన్‌బీ బృందం ఆ సాహసం చేసింది. గణిత సమీకరణాల అండతోనే చేసింది.

ఒంట్లో ఇతర భాగాలకు పాకి, హార్మోన్ తగ్గించే ఇంజక్షన్లకు లొంగని ప్రొస్టేట్ క్యాన్సర్‌కు అబిరటెరోన్ మాత్రలు రోజుకు 1,000 మిల్లీగ్రాములు ఇస్తారు. వ్యాధి మళ్లీ ముదిరేదాకా ఆపకుండా వాడటం మామూలు పద్ధతి. మొదట రక్తంలో పీఎస్‌ఏ అనే, వ్యాధి తీవ్రతను సూచించే ప్రొటీన్ స్థాయి పడిపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ లేస్తుంది, అప్పుడిక ఆ మాత్ర పనిచేయదు.

కారణం కణితిలోనే ఉంది. అక్కడ మందుకు లొంగే కణాలు ఎక్కువ, మొండివి కొద్ది. రెండూ చోటుకోసం, పోషకాలకోసం పోటీపడతాయి. లొంగేవాటిని తుడిచిపెట్టేస్తే మొండివాటికి అడ్డే ఉండదు. పత్తి చేలో ఒకే మందు పదేపదే కొడితే చివరికి దానికి చావని శనగపచ్చ పురుగే మిగలడం మన రైతులు చూసిందే. గేటెన్‌బీ కూడా పంట తెగుళ్ల యాజమాన్యం నుంచే పాఠం తీసుకున్నారు. జీవజాతుల మధ్య పోటీకి 1920లలో లోట్కా, వోల్టెర్రా రాసిన సమీకరణాలను మూడు రకాల ప్రొస్టేట్ కణాలకు వర్తింపజేశారు.

దాన్నుంచి వచ్చిన నియమం చాలా సులువు. పీఎస్‌ఏ 40 దగ్గర చికిత్స మొదలైందనుకుందాం. 20కి దిగగానే మాత్రలు ఆపాలి, తిరిగి 40కి చేరాక మొదలుపెట్టాలి. ఇంజక్షన్లు మాత్రం సాగుతూనే ఉంటాయి. ఆ విరామంలో లొంగే కణాలు పుంజుకుని మొండివాటిని ఎదగనివ్వవు.

2022లో వెలువడిన ఫలితాల్లో ఈ పద్ధతిలో 17 మంది, మామూలు పద్ధతిలో 16 మంది ఉన్నారు. వ్యాధి ముదిరేదాకా గడిచిన కాలం, మధ్యగతం లెక్కన, మామూలు పద్ధతిలో 14.3 నెలలు, కొత్త పద్ధతిలో 33.5 నెలలు. జీవితకాలం 31.3 నెలల నుంచి 58.5కి పెరిగింది. పైగా చికిత్సాకాలంలో 46 శాతం రోజులు మాత్రలే వాడలేదు. ఖరీదైన మందు విషయంలో ఇది చిన్న ఊరట కాదు.

రెండు గుంపులూ కలిపితే 33 మందే, లాటరీ తీసి విడదీసినవారూ కారు. కాబట్టి ఇది రుజువు కాదు, పెద్ద పరీక్షలకు నిలవాల్సిన బలమైన ఆశ. పీఎస్‌ఏ సగమైందని సంతోషించి ఇంట్లో ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకండి. క్రమం తప్పని రక్తపరీక్షలు, స్కాన్లు, పక్కనే డాక్టరు ఉన్నప్పుడే ఆ విరామాలు సాధ్యమయ్యాయి.