బ్యాంకు పేరిట వచ్చు పిలుపు: అపోహలు – వాస్తవాలు

కోయంబత్తూరు నుండి పొల్లాచ్చికి పోవు దారిలో, కొబ్బరితోటల నడుమ నున్న కినత్తుకడవు ప్రాంతమున, విజయనగర ప్రభువుల నాటినుండియు, నాయకరాజుల నాటినుండియు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు కలవు. వారిలో పెక్కుమంది ఇంట తెలుగు మాటాడుదురు, బడిలో తమిళము చదివినారు, బ్యాంకు పంపు సందేశములను మాత్రము తరచుగా ఆంగ్లమున అందుకొనుచున్నారు. ధనమునకు సంబంధించిన హెచ్చరికలు ఇట్లు పరభాషలో వచ్చుచుండగా, దొంగ మాత్రము అవసరమైనచో ఇంటిభాషలోనే పలుకరింపగలడు. ఈ అపాయము ఒక్క ఊరిది కాదు. 2024లో సైబరు మోసములవలన దేశప్రజలు పోగొట్టుకొన్న ధనము 22,845 కోట్ల రూపాయలకు పైబడినదని కేంద్ర హోంశాఖ పార్లమెంటునకు తెలిపినది. బ్యాంకు ఉద్యోగి వేషమున జరుగు వంచన ఆ మోసములలో ముఖ్యమైన దొకటి. దానికి ఊతమిచ్చుచున్న అపోహలను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

అపోహ: నా పేరు, ఖాతా నంబరు, కార్డు అంకెలు చెప్పినవాడు బ్యాంకువాడే కావలెను.

వాస్తవము: ఈ వివరములు నేడు రహస్యములు కావు. సిమ్‌కార్డు కొన్నపుడు, అప్పునకు దరఖాస్తు పెట్టినపుడు, వసతిగృహమున దిగినపుడు మనమిచ్చిన జిరాక్సు ప్రతులనుండియు, చేతులు మారిన జాబితాలనుండియు అవి బయటికి పోవుచున్నవి. మోసగాడు మనకు తెలిసిన నాలుగు సంగతులు ముందుగా చెప్పి నమ్మకము సంపాదించి, పిదప తనకు తెలియని అయిదవదానిని, అనగా ఓటీపీని గాని, పిన్‌ను గాని, కార్డు వెనుకనున్న మూడంకెల సీవీవీని గాని అడుగును. నిజమైన బ్యాంకునకు ఈ అయిదవదానితో పని లేదు. కనుక అతడేమి చెప్పెనో దానినిబట్టి గాక, ఏమి అడిగెనో దానినిబట్టి మనిషిని గుర్తింపవలెను.

అపోహ: మన భాషలో మర్యాదగా మాటాడినవాడు మోసగాడు కానేరడు.

వాస్తవము: పొరుగునాట పుట్టి పెరిగిన తెలుగువారికి ఫోనులో తెలుగు వినిపించినంతనే కలుగు ఆత్మీయత స్వచ్ఛమైనది, దానినే వంచకుడు వాడుకొనును. అతని మాటతీరును కొంచెము దగ్గరగా చూడుడు: “నాయుడుగారూ, నమస్కారమండీ, మేమూ తెలుగువాళ్లమే. మీ ఏటీఎం కార్డు ఈ రాత్రికి ఆగిపోతుంది. నేను ఇప్పుడే సరిచేస్తాను. ఫోను మాత్రం పెట్టేయకండి.” మొదటి మాట అభిమానమును రేపును, రెండవది భయమును కలిగించును, మూడవది ఉపకారి రూపమును తాల్చును, నాలుగవది, కొడుకునో కోడలినో పిలిచి అడుగు అవకాశమును తీసివేయును. ఈ నాలుగింటిలోను ప్రమాదకరమైనది చివరిదే. పెట్టేయవద్దని బతిమాలిన పిలుపును ముందుగా పెట్టేయవలెను. నిజమైన బ్యాంకుతో ఒక గంట ఆలస్యముగా మాటాడినను మన ధనమున కేమియు లోటు రాదు.

అపోహ: ఫోను తెరపై బ్యాంకు పేరో, ముద్రయో కనబడినచో అది బ్యాంకు పిలుపే.

వాస్తవము: వాట్సాప్‌లో బ్యాంకు ముద్రను తన చిత్రముగా ఎవడైనను పెట్టుకొనవచ్చును. పిలుచువారి పేరు చూపు యాప్‌లలోని పేర్లు చాలవరకు వాడుకరులు చేర్చినవే. ఈ గందరగోళమును తగ్గించుటకై, ఖాతా సేవలకు సంబంధించిన పిలుపులు 1600తోను, ప్రచారపు పిలుపులు 140తోను మొదలగు నంబర్లనుండియే చేయవలెనని 2025 జనవరిలో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను ప్రత్యేకమైన చిరునామాకు మార్చుకొనుటకు 2025 అక్టోబరు 31ని గడువుగా విధించినది. ఇవి మేలైన గుర్తులే యైనను, 1600 నంబరునుండి వచ్చిన పిలుపునకు సైతము ఓటీపీ చెప్పరాదు. ఇంటర్నెట్టులో వెదకగా దొరకు ‘కస్టమర్ కేర్’ నంబర్లలో దొంగలు పెట్టినవియు కలవు. కావున కార్డు వెనుకను, పాసుపుస్తకమునందును అచ్చువేసిన నంబరునకే మనము స్వయముగా పిలువవలెను, లేదా శాఖకు పోయి అడుగవలెను.

అపోహ: ఓటీపీ ఎవరికిని చెప్పకున్న చాలును.

వాస్తవము: ఇది ఒకప్పుడు చాలినంత జాగ్రత్త, నేడు చాలదు. “మీ కేవైసీ గడువు ముగిసినది”, “రివార్డు పాయింట్లు నేటితో పోవును” అను సందేశములతో పాటు ఏపీకే అను ఫైలొకటి వచ్చును. దానిని ఇన్‌స్టాల్ చేసినచో, అది మెసేజిలు చదువుటకు అనుమతి కోరును. ఆ అనుమతి నిచ్చిన పిదప ఓటీపీని మనము నోరు తెరచి చెప్పనక్కరలేదు, అదియే దొంగను చేరును. తెరను పంచుకొను యాప్‌ను దింపుకొమ్మనుటయు ఇట్టిదే. మన ఫోనులో మనము చూచునదంతయు అవతలివాడు చూచును. మరికొందరు 401తో కూడిన యొక సంకేతమును ఫోనులో నొక్కించి, మనకు రావలసిన పిలుపులను తమవైపునకు మళ్లించుకొనెడివారు. దీనిని అరికట్టుటకై టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుండి సంకేతములతో పిలుపు మళ్లించు సౌకర్యమును నిలిపివేయించినది. కనుక అపరిచితుడు చెప్పిన లింకును నొక్కరాదు, ఫైలును తెరువరాదు, అంకెలను డయలు చేయరాదు. ఇక వచ్చిన ఓటీపీ సందేశమును తుదివరకు చదువుట అలవాటు చేసికొనవలెను. ఎంత సొమ్ము, ఎవరికి పోవుచున్నదో తరచుగా దానియందే వ్రాసియుండును.

అపోహ: మనకు సొమ్ము రావలెనన్నను యూపీఐ పిన్ కొట్టవలెను.

వాస్తవము: సొమ్ము అందుకొనుటకు పిన్ గాని, క్యూఆర్ స్కాన్ చేయుట గాని ఎన్నడును అవసరము లేదు. ఆ పిన్ మన ఖాతానుండి సొమ్ము పంపుటకును, నిలువ చూచుకొనుటకును ఉద్దేశింపబడినది. కొబ్బరికాయల బేరము కుదిరినదని చెప్పి, బయానా పంపుటకై పిన్ కొట్టుమని ఎవరైన కోరినచో, అతడు మన సొమ్ము తీసికొనుటకే కోరుచున్నాడని తెలియవలెను.

అపోహ: పోయిన సొమ్ము పోయినట్లే, పదిమందికి చెప్పినచో పరువు కూడ పోవును.

వాస్తవము: దొంగకు అన్నిటికంటె ఎక్కువగా తోడ్పడునది ఈ మౌనమే. దోచిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు, అచ్చటినుండి ఇంకొక దానికి త్వరగా పరుగిడును. ఎవరైనను దానిని నగదుగా తీసికొనకమునుపే, సైబరు మోసముల ఫిర్యాదులకై ఏర్పడిన 1930 నంబరునకు ఫోను చేసినచో, ఆ సమాచారము సంబంధిత బ్యాంకులకు చేరి, దారిలో మిగిలియున్న సొమ్మును నిలుపుటకు వీలుండును. తమిళనాట ఈ పిలుపును రాష్ట్ర పోలీసులే అందుకొందురు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోను ఫిర్యాదు చేయవచ్చును. ఇక్కడ ప్రతి నిమిషమునకు విలువ కలదు. మోసపోయినవారిలో అధికారులు, వైద్యులు, ఉపాధ్యాయులు సైతము ఉన్నారు. వంచింపబడుట నేరము కాదు, వంచించుటయే నేరము.

అపోహ: ఎట్లు పోయినను బ్యాంకే ఇచ్చును.

వాస్తవము: 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, తప్పు బ్యాంకుది గాని ఖాతాదారునిది గాని కాక, మూడవవాని చేత జరిగినదై, ఆ లావాదేవీని గూర్చి బ్యాంకునుండి సమాచారము అందిన మూడు పనిదినములలోగా బ్యాంకునకు తెలిపినచో, ఖాతాదారునకు నష్టము లేదు. కాని ఓటీపీని మనమే చెప్పినచో, బ్యాంకునకు తెలుపువరకు జరిగిన నష్టము మనదే. తెలిపిన పిదప జరిగినది బ్యాంకుది. కాబట్టి తప్పు మనదే యైనను వెంటనే తెలుపుట లాభకరము. ఫిర్యాదు సంఖ్యను తప్పక వ్రాసికొనవలెను.

ఈ సంగతులన్నియు బ్యాంకులును, పోలీసులును చెప్పుచునే యున్నారు. అయినను ఆంగ్లమున వచ్చిన సందేశము చదువకయే తుడిచివేయబడును. తమిళమున అంటించిన ప్రకటన శాఖ గోడమీదనే నిలిచిపోవును. ఇంట పెద్దలతో తెలుగున మాటాడు కొడుకులు, కోడండ్రు, మనుమలు పూనుకొననిదే ఈ లోపము తీరదు. భోజనమునకు కూర్చున్నపుడు, తీరికగా, కసురుకొనక, “ఎవరు అడిగినా చెప్పొద్దు, ఫోను పెట్టేసి మమ్మల్ని పిలువు” అని ఒక్కమారు గాక పలుమార్లు చెప్పవలెను. పొరపాటు జరిగినచో తిట్టరను ధైర్యమును ముందుగానే ఈయవలెను. ఆ ధైర్యమున్న పెద్దలు మొదటి గంటలోనే నోరు విప్పుదురు. కార్డు వెనుకనున్న బ్యాంకు నంబరును, దాని క్రింద 1930ని, పెద్ద అక్షరములతో గోడ క్యాలెండరుపై నేడే వ్రాసిపెట్టుడు.