చిలుక పిల్లను ఇంటికి ఎప్పుడు తెచ్చుకోవాలి?

గత నెల పిల్లల ఓపీలో ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకుకు దగ్గు మందు రాయించుకొని, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగారు. "డాక్టరమ్మా, ఇంకొక్క మాట. వీడు క్రిస్మస్‌కు చిలుక కావాలని ఒకటే గోల. పక్షులు పెంచే ఆయన దగ్గర మూడు వారాల కాక్‌టీల్ పిల్ల ఉందట. ఇప్పుడే తీసుకుపొండి, మీ చేత్తో మేత పడితే మీకు బాగా మచ్చిక అవుతుంది, పైగా ధర కూడా తగ్గిస్తాను అంటున్నాడు. తెచ్చుకోవచ్చా?" అని అడిగారు.

బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. "ఇప్పుడే వద్దమ్మా, కొంచెం ఆగండి" అని మాత్రం చెప్పి పంపాను. ఆ "కొంచెం" అంటే ఎంత, ఎందుకు ఆగాలి అన్నది ఈ నెల పేజీలో వివరంగా చెబుతాను. పక్షికి జబ్బు చేస్తే చూడవలసింది పశువైద్యులే. కాని చిన్న ప్రాణికి ఆహారం పట్టడంలో ఉండే ప్రమాదం, పక్షి వల్ల ఇంట్లోవారి ఊపిరితిత్తులకు కలిగే ఇబ్బంది, ఈ రెండూ మా ఓపీకి కూడా వచ్చే సంగతులే.

ముందుగా ఏ చిలుక అన్నది తేల్చుకోవాలి. మన చెట్ల తొర్రల్లో గూడు పెట్టే పచ్చని రామచిలుకను గాని, రెక్క మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుకను గాని పంజరంలో పెంచడం, అమ్మడం, కొనడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా సంతలో బుట్టలో పెట్టి అమ్ముతుంటే అవి తొర్రలోంచి తీసిన పిల్లలే. జాలిపడి కొన్నా ఇంకో గూడు ఖాళీ అవుతుంది. మనం ఇక్కడ మాట్లాడుకునేది పెంపకందారుల దగ్గర పంజరంలోనే పుట్టిన విదేశీ జాతుల గురించి. బడ్జీలు (మన ఊళ్లలో వీటినే లవ్ బర్డ్స్ అంటారు, అసలు లవ్ బర్డ్ వేరే జాతి), కాక్‌టీల్ వంటివి అందరికీ తెలిసినవే. ఆఫ్రికన్ గ్రే, మకావ్ వంటి పెద్ద జాతులకు అంతర్జాతీయ ఒప్పందం వర్తిస్తుంది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితాలు లేని పెద్ద చిలుకను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.

మూడు వారాల పిల్ల ఎలా ఉంటుంది?

కాక్‌టీల్ పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు కళ్లు మూసుకొని, ఒంటి మీద పసుపు నూగుతో ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ తాము తిన్నదాన్ని మెత్తగా చేసి దాని నోట్లోకి అందిస్తారు. మూడు వారాలకు ఈకలు ముళ్లలాగా పొడుచుకొస్తుంటాయి. నాలుగైదు వారాలకు గూటి పెట్టెలోంచి బయటికి వస్తుంది, ఎగరడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత కూడా చాలా రోజులు పెద్ద పక్షుల మేత మీదనే ఆధారపడుతుంది. పూర్తిగా తనంతట తాను తినడానికి సాధారణంగా ఎనిమిది నుండి పది వారాలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బడ్జీలు త్వరగా, ఆరేడు వారాలకే నేర్చుకుంటాయి. ఆఫ్రికన్ గ్రేకు మూడు నాలుగు నెలలు, మకావ్‌కు అంతకంటే ఎక్కువ.

ఇవి లెక్క కోసం చెప్పిన వారాలే గాని తేదీలు కావు. బేబీ క్లినిక్‌కు వచ్చే తల్లులకు ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. ఆరు నెలలు నిండగానే మెత్తని అన్నం మొదలుపెట్టమంటాం, కాని ఆ రోజే తల్లిపాలు మాన్పించమని ఎవరమైనా చెబుతామా? పిల్ల గింజను ముక్కుతో తిప్పి ఆడుకోవడం కూడా అటువంటిదే. గింజ పొట్టు వలిచినంత మాత్రాన అది కడుపులోకి పోయినట్టు కాదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. "చూడండి, తింటోంది" అని అమ్మేవారు చూపిస్తారు, మనమూ చూస్తాం, ఇంటికి తెచ్చాక నాలుగు రోజుల్లో పిల్ల నీరసించి పోతుంది. గిన్నెలో చూస్తే గింజలన్నీ కొరికి వదిలేసినవే.

చేతి మేత అంత తేలిక కాదు

మూడు వారాల పిల్లను తెచ్చుకుంటే ప్రత్యేకమైన పొడిని వేడినీళ్లతో కలిపి, సిరంజితో గాని చెంచాతో గాని నాలుగైదు గంటలకొకసారి పట్టాలి. చెప్పడానికి ఒక్క వాక్యమే. ఆ జావ వేడి 39 నుండి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చిలుకకు గొంతు కింద, రొమ్ము పైభాగంలో మేత నిలువ ఉండే ఒక సంచి ఉంటుంది. జావ 43 డిగ్రీలు దాటితే ఆ సంచి లోపల కాలుతుంది. కాలిన సంగతి ఆ పూట తెలియదు. కొన్ని రోజుల తర్వాత చర్మం మీద నల్లని పెచ్చు కట్టి, అది ఊడి, తిన్న మేత ఆ రంధ్రంలోంచి బయటికి వచ్చినప్పుడు తెలుస్తుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఒక చోట గోరువెచ్చగా, ఇంకో చోట సలసల కాగుతూ ఉంటుంది కనుక మరీ ప్రమాదం. చెయ్యి మీద చుక్క వేసి చూస్తే చాలదు, థర్మామీటరు ఉండాలి.

జావ చల్లారిపోతే ఇంకో చిక్కు. మేత సంచిలోనే నిలిచిపోయి పులుస్తుంది. పిల్ల తల ఊపుతూ అడుగుతున్నప్పుడు తొందరపడి సిరంజి నొక్కితే జావ ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఉగ్గు పట్టేటప్పుడు పసిబిడ్డకు పొరబోయి న్యుమోనియా వచ్చిన కేసులు మేము వార్డులో చూస్తూనే ఉంటాం. అరచేతిలో పట్టే పక్షికి అంత వ్యవధి కూడా ఉండదు.

మరి "మీ చేత్తో పడితేనే మచ్చిక అవుతుంది" అన్న మాట? అమ్మేవారికి అది అనుకూలమైన మాట. పిల్ల త్వరగా అమ్ముడుపోతుంది, రోజుకు నాలుగైదుసార్లు మేత పట్టే శ్రమ కొన్నవారి మీద పడుతుంది. అందరూ అబద్ధమాడతారని నేను అనను, చాలామంది నిజంగానే అలా నమ్ముతారు. అయితే అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో అమెజాన్ చిలుకల మీద పరిశోధన చేసి 1999లో ప్రకటించారు. పిల్లలను తల్లిదండ్రుల గూటిలోనే పెరగనిచ్చి, మనుషులు వాటిని క్రమంగా కొద్దిసేపు చేతుల్లోకి తీసుకుంటూ వస్తే చాలు, అవి మనుషులకు మచ్చికయ్యాయి. అంటే మచ్చిక చేసేది రోజూ కొంతసేపు నెమ్మదిగా పట్టుకునే చెయ్యి. అందుకు సిరంజి అవసరం లేదు. పెంపకందారు పిల్లలను రోజూ చేతిలోకి తీసుకుంటున్నారా అని అడగండి, అది అడగదగిన ప్రశ్న.

ఎలా తెలుసుకోవాలి?

ఒకసారి కాదు, కనీసం రెండుసార్లు వెళ్లి చూడండి. రెండోసారి వారం తర్వాత వెళితే మంచిది. వెళ్లినప్పుడు అరగంట ఊరకే కూర్చోండి, ఫోను జేబులో పెట్టుకోండి. మనిషి కనబడగానే పిల్ల మెడ చాచి తల ఊపుతూ కీచుమని అడుగుతోందా? అయితే ఇంకా సమయం రాలేదు. కర్ర మీద గట్టిగా నిలబడుతోందా, ఎగిరి సరిగా దిగుతోందా, కొర్రలు, సజ్జలు, మొక్కజొన్న కంకి తనంతట తాను తిని నీళ్లు తాగుతోందా చూడండి. సాయంత్రం పూట మేత సంచి మెల్లగా తడిమి చూపించమనండి, గింజలు చిన్న మూటలాగా చేతికి తగలాలి.

"చివరిసారి చేతి మేత ఎప్పుడు పట్టారు?" అని సూటిగా అడగండి. నిన్ననో మొన్ననో అంటే తీసుకోవద్దు. చేతి మేత పూర్తిగా మానేసి కనీసం ఒకటి రెండు వారాలు గడవాలి, ఆ రోజుల్లో బరువు నిలకడగా ఉండాలి. శ్రద్ధ గల పెంపకందారు రోజూ పొద్దున వంటింటి డిజిటల్ త్రాసు మీద గ్రాముల్లో తూచి రాసి పెడతారు, మన బేబీ క్లినిక్ కార్డులాగానే. ఎగరడం నేర్చే రోజుల్లో బరువు కాస్త తగ్గడం సహజం, తర్వాత నిలబడాలి. ఆ పుస్తకం చూపించమంటే చిరాకుపడేవారి దగ్గర కొనకపోవడమే మేలు.

ఈ రెండు వారాలు ఎందుకంటే, తినడం నేర్చిన పిల్ల కూడా కొత్త ఇంటికి రాగానే బెదిరి మళ్లీ మేత కోసం అడగవచ్చు. చెల్లెలు పుట్టగానే పెద్దపిల్ల మళ్లీ పాలసీసా అడిగినట్టు. భయపడకండి. అక్కడ ఏ గింజలు పెట్టారో అవే ఒక పది పదిహేను రోజులు పెట్టండి, ఉడికించిన గుడ్డు, మెత్తని మొక్కజొన్న గోరువెచ్చగా చేతితో అందించండి. మొదటి వారం రోజూ తూచండి. బరువు వరుసగా పడిపోతుంటే ఆలస్యం చేయకుండా పశువైద్యులకు చూపించాలి.

మన ఇల్లు సిద్ధంగా ఉందా?

పిల్ల సిద్ధమైనా ఇల్లు సిద్ధంగా లేకపోవచ్చు. 1929లో అమెరికాలోని అన్నాపొలిస్ పట్టణంలో ఒకాయన భార్యకు క్రిస్మస్ బహుమతిగా ఒక చిలుకను కొన్నారు. పండుగ వరకు దాన్ని కూతురు, అల్లుడు దాచిపెట్టారు. పండుగనాటికి చిలుక చనిపోయింది, కొద్ది రోజులకు ఆ భార్య, కూతురు, అల్లుడు ముగ్గురూ తీవ్రమైన న్యుమోనియాతో మంచం పట్టారు. తర్వాత కోలుకున్నారు. అది సిట్టకోసిస్ అనే జబ్బు, ఆ చలికాలంలో చాలా దేశాలలో కనిపించింది. ఇది చిలుకల రెట్టలో, ముక్కు స్రావంలో ఉండే ఒక బాక్టీరియా వల్ల వస్తుంది. పైకి బాగా కనబడే పక్షిలో కూడా అది ఉండవచ్చు. బెదిరినప్పుడు, ఇల్లు మారినప్పుడు ఎక్కువగా బయటికి వస్తుంది. ఎండిన రెట్ట ధూళి పీల్చిన వారికి సాధారణంగా 5 నుండి 14 రోజులలో జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, పొడి దగ్గు మొదలవుతాయి. అరుదైన జబ్బే. ఆ రోజుల్లో మందు లేదు, ఇప్పుడు డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. కాని డాక్టరుకు అనుమానం రావాలి గదా! జ్వరంతో ఓపీకి వస్తే ఇంట్లో పక్షి ఉందని మీరే చెప్పండి, మేము అడగడం మరచిపోవచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటి. కాక్‌టీల్ రెక్కల నుండి తెల్లని పొడి రాలుతుంది. కొందరి ఊపిరితిత్తులకు ఈ పొడి, రెట్ట ధూళి పడవు. నెలల తరబడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, బరువు తగ్గడం. ఆస్తమా అనో, టీబీ అనో మందులు వాడుతూ ఉంటారు, పక్షి మాత్రం అదే గదిలో ఉంటుంది. మన దేశంలో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల మీద జరిగి 2017లో వెలువడిన పెద్ద పరిశీలనలో 1084 మంది రోగులుంటే, దాదాపు సగం మందిది ఈ రకంగా పీల్చిన ధూళి, బూజు పడక వచ్చిన జబ్బే. కూలర్లు ముఖ్య కారణంగా కనబడ్డాయి, పక్షులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి.

కావున ఇంట్లో ఆస్తమా గాని, మానని దగ్గు గాని ఉన్నవారు, గర్భిణి, నెలల బిడ్డ, క్యాన్సర్ మందులు వాడుతున్నవారు ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడి తర్వాత పెంపకందారు దగ్గరికి వెళ్లండి. పంజరం పడకగదిలో, వంటింట్లో వద్దు. అడుగున కాగితం పరచి రోజూ మార్చండి, రెట్టను పొడిగా ఊడ్చకుండా తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకు పక్షి నిమిషాల్లో చనిపోతుంది. ఇక సీలింగ్ ఫ్యాను! కొత్తగా ఎగరడం నేర్చిన పిల్లకు మన ఇళ్లలో అదే పెద్ద గండం. పంజరం తలుపు తీసేముందు ఫ్యాను ఆపే అలవాటు ఇంట్లో అందరికీ కావాలి.

పండుగ రోజు కూడా మంచి రోజు కాదు. చుట్టాలు, మైకులు, టపాసుల మధ్య ఆ పిల్ల ముద్ద ముట్టదు. సందడి తగ్గి, ఇంట్లో ఒక్కరైనా నాలుగైదు రోజులు ఉండే వారం చూసుకోండి. కాక్‌టీల్ పదిహేను, ఇరవై ఏళ్లు బతకగలదు. ఐదారు వారాలు ఆగడం పెద్ద లెక్క కాదు. పిల్లవాడికి క్రిస్మస్‌కు ఏదో ఒకటి ఇవ్వాలంటే ఖాళీ పంజరం ఇవ్వండి, గింజల డబ్బా, త్రాసు కూడా. శనివారం శనివారం వెళ్లి తన పిల్లను చూసి, బరువు రాసుకొని రమ్మనండి.

ఇది చదివేసరికే మూడు నాలుగు వారాల పిల్లను తెచ్చేసినవారు ఉంటే, ఈ రోజే ఆ పెంపకందారుకు ఫోను చేసి తినడం నేర్చేవరకు తిరిగి వారి దగ్గరే ఉంచమని అడగండి. ఒప్పుకోకపోతే పశువైద్యశాలకు తీసుకువెళ్లి మేత పట్టే విధానం ఎదురుగా నేర్చుకోండి. అంతవరకు గాలి తగలకుండా వెచ్చగా ఉంచండి. ఆవుపాలు, బిస్కెట్ నానబెట్టిన పాలు పట్టవద్దు, పక్షులకు పాలు అరగవు.

దగ్గు మందుకు వచ్చిన ఆ తల్లీ కొడుకులకు వచ్చే వారం మళ్లీ ఓపీ ఉంది. ఆ దగ్గు పూర్తిగా తగ్గిందో లేదో చూశాకే చిలుక సంగతి మాట్లాడదామనుకున్నాము.