నీటిలోని కామరూపి - మన రక్తకణములు

చెరువులలోను, గుంటలలోను, తడిమట్టిలోను ఎవరి దేహము నాశ్రయింపక స్వేచ్ఛగా బ్రదుకు నేకకణజీవి యొకటి కలదు. దానికి స్థిరమగు నాకారము లేదు. కదలవలసినపుడు దేహమునుండియే పాదము వంటిదానిని సాచి ప్రాకును. ఆహారము దొరికినపుడు దానిని చుట్టుకొని మ్రింగును. మార్పు అను నర్థముగల గ్రీకు పదమునుబట్టి దీనికి అమీబా యని పేరు వచ్చినది. మన కావ్యభాషలో కామరూపి యనవచ్చును. ఇట్టి వానిలో పెక్కింటివలన మనకు హాని లేదు.

మన రక్తములోని తెల్లకణములలో కొన్నియు నిట్లే ప్రాకుచు, ఎదురైన సూక్ష్మజీవులను మ్రింగుచుండును. 1882లో మెచ్నికోవ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు సముద్రనక్షత్రముల పిల్లలలో నిట్టి కణములను గాంచి, ఇవియే దేహమునకు రక్షకభటులని యూహించెను. 1908లో నాయనకు నోబెల్ బహుమాన మొసగబడినది.

ఈ భటులకును గట్టి శత్రువైన యమీబా యొకటి కలదు. దాని పేరు నేగ్లేరియా ఫౌలెరి. వెచ్చని మంచినీటిలో నది వృద్ధిపొందును. 1965లో ఆస్ట్రేలియా వైద్యులగు ఫౌలర్, కార్టర్ అనువారు దీనివలని మరణములను లోకమునకు దెలిపిరి. ఆ నీరు త్రాగినందున రోగము రాదు. ముక్కులోనికి బోయినచో నది ఘ్రాణనాడి వెంట మెదడునకు ప్రాకును.

ఈ యమీబాకు కణముల పైపొరను తూట్లుపొడుచు మాంసకృత్తులు కలవు. ఎఱ్ఱకణము ఏడెనిమిది మైక్రానుల వెడల్పుగల సున్నితపు తిత్తి. పొర చిల్లిపడగానే యది పగిలి, లోని ఎఱ్ఱని పదార్థము వెలికి వచ్చును. తెల్లకణములు గుంపులుగా వచ్చి పోరాడును గాని, అమీబా తన మేనిమీది గిన్నెలవంటి నోళ్లతో కణములను తునకలుగా కొరికి మ్రింగును. ఈ పోరాటపు వేడిమికి మెదడే వాచును.

వైద్యునకును నిచ్చట చిక్కు కలదు. వెన్నునీటిలో తెల్లకణములు మిక్కుటముగా గానవచ్చుటచే, బాక్టీరియావలని మెదడువాపని భ్రమ కలుగును. ఆ నీటిని వెంటనే సూక్ష్మదర్శినిలో చూచినచో, ప్రాకుచున్న యమీబా కానవచ్చును. ఈ వ్యాధి సోకినవారిలో నూటికి 97 మందికి పైగా మరణించుచున్నారు. అయినను 2024లో కేరళమందలి కోళిక్కోడులో బాలుడొకడు, రోగము త్వరగా గుర్తింపబడి మిల్టెఫోసిన్ మున్నగు మందు లొసగబడుటచే బ్రదికెను.

కావున సోదరీమణులకు మేము మనవి చేయునది యిది. వేసవిలో నిలువనీట దూకు బిడ్డలకు ముక్కు మూసికొనుట నేర్పుడు. ముక్కు కడుగుటకు కాచి చల్లార్చిన నీటినే వాడుడు. ఈతకు బోయివచ్చిన కొలది దినములకే జ్వరము, తీవ్రమగు తలనొప్పి, వాంతులు, మెడ బిగియుట కానవచ్చినచో ఒక్క గడియయు జాగుచేయక వైద్యుని జేరి, బిడ్డ యే నీట మునిగెనో మొట్టమొదటనే చెప్పుడు. ఆ యొక్క మాటయే వైద్యుని కన్నును సరియైన శత్రువు వైపు త్రిప్పగలదు.