నొక్కినా పోని ఎర్రచుక్కలు

మూడేళ్ల పిల్లవాడు. రెండు వారాల కిందట జలుబు చేసి తగ్గింది. ఇవాళ స్నానం చేయిస్తుంటే కాళ్ల మీద సన్నటి ఎర్రచుక్కలు కనిపించాయి. దోమకాట్లేమో అని వేలితో నొక్కితే రంగు పోలేదు. అక్కడక్కడా కమిలిన మచ్చలు కూడా ఉన్నాయి. పరీక్షలో ప్లేట్‌లెట్లు (గాయమైన చోట రక్తనాళానికి అడ్డుకట్ట వేసే సూక్ష్మకణాలు) 12,000 అని వచ్చింది. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు. అయినా జ్వరం లేదు, పిల్లవాడు ఆడుకుంటూనే ఉన్నాడు.

డెంగీ చూసిన మన ఊళ్లలో ఈ అంకె వినగానే 'ప్లేట్‌లెట్లు ఎక్కించరా?' అంటారు. కానీ ఈ పిల్లవాడికి వచ్చింది ఐటీపీ అనే జబ్బు. ఇందులో ప్లేట్‌లెట్లు ఎక్కించడం ఎందుకు సాయపడదో అర్థమైతే, జబ్బే సగం అర్థమైనట్టు.

ప్లేట్‌లెట్లు ఎముక మజ్జలో పుట్టి వారం, పది రోజులు బతుకుతాయి. వైరస్ సోకినప్పుడు శరీరం యాంటీబాడీలను (శత్రువును గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లను) తయారు చేస్తుంది. కొందరు పిల్లల్లో వాటిలో కొన్ని పొరపాటున ప్లేట్‌లెట్లకు అతుక్కుంటాయి. అంతమాత్రాన ప్లేట్‌లెట్ చచ్చిపోదు. రక్తం ప్లీహం (ఎడమ పక్కటెముకల కింది అవయవం) గుండా సాగేటప్పుడు, అక్కడ కాపు కాసే మాక్రోఫేజ్‌లు (మింగే కణాలు) ఆ యాంటీబాడీ తోక పట్టుకుని ప్లేట్‌లెట్‌ను మింగేస్తాయి. మింగినదాని ముక్కలను టీ కణాలకు చూపిస్తాయి. వాటి ప్రేరణతో మరిన్ని యాంటీబాడీలు పుడతాయి. ఈ చక్రానికి పగ్గం వేయాల్సిన నియంత్రక టీ కణాలు ఆ సమయంలో బలహీనంగా ఉంటాయి.

ప్లేట్‌లెట్లను నాశనం చేసేది రక్తంలోనే ఉందన్నది 1950లో ఒక మనిషి తన ఒంటి మీదే తేల్చిన సంగతి. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఐటీపీ రోగి రక్తాన్ని తనకు ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు అడుగంటాయి. మజ్జ ఆరోగ్యంగా ఉన్నవాడికే ఇలా జరిగిందంటే, దోషం రక్తంలో తిరిగే పదార్థానిదే. ఆ సాహసం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి ఎక్కించిన ప్లేట్‌లెట్లకూ ప్లీహంలో అదే గతి. ప్రాణాపాయమైన రక్తస్రావంలోనే, వేరే మందులతో కలిపి వాటిని ఇస్తారు. 1981లో స్విట్జర్లాండ్ వైద్యుడు పాల్ ఇంబాక్ బృందం వేరే దారి చూపింది: ఎందరో దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించడం. అవి మాక్రోఫేజ్‌లు పట్టుకునే చోట్లను ఆక్రమిస్తాయి, దాంతో ప్లేట్‌లెట్లు కొంతకాలం తప్పించుకుంటాయని ఒక వివరణ. స్టెరాయిడ్లు కూడా ఇలా మింగడాన్ని తగ్గిస్తాయి.

రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసి, మిగతా కణాలు బాగున్నాయని తేలాక, చర్మం మీద మచ్చలు తప్ప రక్తస్రావం లేకపోతే చాలామంది పిల్లలకు మందే అవసరం లేదు. డాక్టరు 'చూద్దాం' అంటే అది నిర్లక్ష్యంతో కాదు. నలుగురిలో ముగ్గురికి పైగా ఏడాదిలోపే కోలుకుంటారు. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిలో కూడా జరగదు. ఈలోగా ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వకూడదు. తలకు దెబ్బ తగిలినా, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, మగత కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.