ఫొటో కాంటెస్ట్‌కి జడ్జిగా పిలిచారా? మార్కులు ఎలా వేయాలి, ఫీడ్‌బ్యాక్ ఎలా రాయాలి

“అన్నా, గోల్డెన్ అవర్ అంటే సాయంత్రం ఆరు కదా. ఆ టైమ్‌కి మా అమ్మ చేన్లో ఉండదు.”

పోయిన ఆగస్టులో ఒక ఫస్ట్ ఇయర్ కుర్రాడు నాకు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఇది. అనంతపురంలో కాలేజీ పిల్లలు నడుపుకునే చిన్న ఫొటోగ్రఫీ క్లబ్ ఒకటుంది. ఆగస్టు 19న వరల్డ్ ఫొటోగ్రఫీ డేకి పోటీ పెట్టి, ముగ్గురు జడ్జిల్లో ఒకడిగా నన్ను పిలిచారు. (ఆ తేదీ ఎందుకంటే, డాగరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని ఫ్రాన్స్ 1839లో ప్రపంచానికి వెల్లడించింది ఆ రోజే.) నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని, వీకెండ్స్‌లో ఇంటికొస్తుంటా. ఫోన్ కెమెరాల గురించి రాస్తుంటాను కాబట్టి “అన్నకి కెమెరా తెలుసు” అని వాళ్ల నమ్మకం.

కెమెరా తెలుసు, నిజమే. జడ్జింగ్ తెలియదని మాత్రం ఆ మెసేజ్ చూశాకే అర్థమైంది. ఇప్పుడు కాలేజీ ఫెస్ట్‌లలో, ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో కూడా ఫొటో కాంటెస్ట్‌లు పెడుతున్నారు. ఏదో ఒక రోజు మిమ్మల్నీ పిలుస్తారు. నేను చేసిన తప్పులు మీరు చేయకుండా ఉండాలంటే ఏం చేయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు ఫైల్స్ సంగతి

మాకు మొత్తం 43 ఎంట్రీలు వచ్చాయి. సగం వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపినవే. ఇక్కడే మొదటి సమస్య. వాట్సాప్‌లో ఫొటోను ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఎక్సిఫ్ డేటా కూడా పోతుంది. అంటే షట్టర్ స్పీడ్ ఎంత, ఐఎస్‌ఓ ఎంత, ఏ లెన్స్‌తో తీశారు అనేవి మీకు కనిపించవు. ఒరిజినల్‌గా పంపినవాడి ఫొటో షార్ప్‌గా, వాట్సాప్‌లో పంపినవాడిది మెత్తగా కనిపిస్తుంది. మీరేమో అది వాడి ఫోకస్ తప్పు అనుకుంటారు. కాబట్టి ఫొటోల్ని డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా డ్రైవ్ లింక్ అడగండి.

రెండోది పేర్లు. ఫైల్స్‌కి పేర్లు తీసేసి నంబర్లు పెట్టాలి. మన జూనియర్‌దో, ఇన్‌స్టాలో ఎక్కువ ఫాలోయర్లు ఉన్నోడిదో అని తెలిస్తే, మనకు తెలియకుండానే అర మార్కు అటో ఇటో జరుగుతుంది.

మూడోది స్క్రీన్. జడ్జిలందరూ ఒకే స్క్రీన్ మీద చూడాలి. ఎవరి ఫోన్‌లో వాళ్లు చూస్తే, ఒకరి అమోలెడ్ స్క్రీన్ ‘వివిడ్’ మోడ్‌లో మన ఎర్రమట్టి నారింజ రంగులో కనిపిస్తుంది, ఇంకొకరికి మామూలుగా ఉంటుంది. ఫోన్ తప్ప వేరే దారి లేకపోతే, కనీసం అందరూ ‘నేచురల్’ మోడ్‌లో, ఒకే బ్రైట్‌నెస్‌లో చూడండి.

మార్కులు: ఒక్క రౌండ్‌లో వేయొద్దు

ఒకటో నంబర్ ఫొటోకి మార్కు వేసేటప్పుడు మీ దగ్గర పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. నలభయ్యో ఫొటోకి వచ్చేసరికి కళ్లు అలసిపోయి ఉంటాయి. అందుకే మొదటి రౌండ్‌లో మార్కులు వేయకుండా అన్నీ వరసగా చూసేయండి, ఒక్కోదానికి ఐదారు సెకన్లు చాలు. రెండో రౌండ్‌లో మార్కులు వేయండి.

ఈ రౌండ్ వల్ల ఇంకో లాభం ఉంది. మా 43లో తొమ్మిది ఫొటోలు లేపాక్షి నందివే. లేపాక్షి 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లిపోయినా, మనోళ్లకి కెమెరా కొన్న రోజు గుర్తొచ్చేది ఆ ఏకశిల నందే. తొమ్మిదిలో ఎనిమిది దాదాపు ఒకే యాంగిల్, పైన నీలం ఆకాశం. విడిగా చూస్తే ఒక్కోటీ నాలుగు మార్కుల ఫొటోలా ఉంటుంది. వరసగా చూస్తే తెలుస్తుంది, ఆ గొప్పతనం నందిని చెక్కినవాళ్లదని. తొమ్మిదోది వేరు. నంది నీడలో ఐస్‌క్రీం బండి ఆపుకుని, తువ్వాలు మొహం మీద వేసుకుని ఒకాయన నిద్రపోతున్నాడు. మొదటి బహుమతి దానికే వెళ్లింది.

మేం ముగ్గురం విడివిడిగా ఐదుకి మార్కులు వేశాం. ఒక లెక్చరర్ మేడం, టౌన్‌లో స్టూడియో నడిపే ఒక అన్న, నేను. మూడూ కూడి లెక్క తీశాం. పెద్ద ఫొటో సలోన్లలో కూడా మామూలుగా ఇలాగే ముగ్గురో అంతకంటే ఎక్కువ మందో జడ్జిలు విడిగా స్కోర్ ఇస్తారు. కానీ ఒక రూల్ పెట్టుకోకపోవడం మా తప్పు: ఒకే ఫొటోకి జడ్జిల మధ్య రెండు మార్కులో, ఆపైనో తేడా వస్తే ముగ్గురూ కలిసి మళ్లీ చూడాలి. 17వ ఫొటోకి నేను 2 వేశాను, మిగతా ఇద్దరూ 4 వేశారు. టోటల్ 10. అన్నం టైమ్ అయిపోయిందని ఎవ్వరం అడగలేదు. కోడ్‌లో అయితే ఇద్దరు రివ్యూయర్లు ఓకే అని మూడోవాడు కాదంటే మర్జ్ ఆపి మాట్లాడుకుంటాం కదా? ఇక్కడా అంతే చేయాలి.

ఇది ఫోన్ తీసిందా, మనిషి తీశాడా?

ఈ ప్రశ్న పాత జడ్జిలకి లేదు, మనకుంది. 31వ ఎంట్రీ గుత్తి కోట మీద పున్నమి చంద్రుడు. చంద్రుడి మీద మచ్చలు కూడా లెక్కపెట్టొచ్చు. పక్కనే కోట గోడ మాత్రం ఆయిల్ పెయింటింగ్‌లా కలిసిపోయింది. చంద్రుడి మచ్చలు చూపించిన లెన్స్‌కి దగ్గరున్న గోడ రాళ్లు ఎందుకు కనపడలేదు?

2023లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఒక రెడిట్ యూజర్ కావాలని బ్లర్ చేసిన చంద్రుడి బొమ్మను మానిటర్‌లో పెట్టి సామ్‌సంగ్ ఫోన్‌తో తీస్తే, బొమ్మలో లేని వివరాలు ఫొటోలో వచ్చాయి. చంద్రుడిని గుర్తుపట్టి ఏఐతో డీటెయిల్ పెంచుతామని సామ్‌సంగ్ కూడా వివరణ ఇచ్చింది. అయితే మసక గోడ ఒక్కటే సాక్ష్యం కాదు. చీకట్లో నాయిస్ తగ్గించేటప్పుడు కూడా ఫోన్ గోడను అలా మెత్తగా చేసేస్తుంది. అనుమానం వస్తే నేరుగా అడగడమే మంచిది. మేం అడిగితే ఆ అబ్బాయి దాచలేదు: “30ఎక్స్ జూమ్ అన్నా, ఆటో మోడ్.”

ఏఐ గురించి ముందే రూల్ పెట్టని పోటీలో తర్వాత డిస్‌క్వాలిఫై చేయడం న్యాయం కాదు. అందుకే ఫోన్ చేసినదాన్ని పక్కన పెట్టి, మనిషి తీసుకున్న నిర్ణయాలకు మార్కులు వేశాం. చంద్రుడు ఎటువైపు లేస్తాడో ముందే చూసుకున్నాడు, సరైన చోట నిలబడ్డాడు, బురుజు అంచున చంద్రుడు ఆనే వరకు ఆగాడు. ఈ మూడూ ఏ ప్రాసెసర్ చేసిపెట్టదు. ఎక్కడ నిలబడ్డావు, ఎప్పుడు నొక్కావు, ఫ్రేమ్‌లోంచి ఏం తీసేశావు అన్న ఈ మూడు ప్రశ్నలు 8 వేల ఫోన్‌కైనా, లక్ష ఫోన్‌కైనా ఒకటే. ఫోన్ రివ్యూలో మనం కెమెరాకి మార్కులేస్తాం, కాంటెస్ట్‌లో మనిషికి వేయాలి. ఈ రెండూ కలిపేయడమే నాలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లు చేసే పెద్ద తప్పు.

రూల్స్ పూర్తిగా చదవండి

ఏఐతో పెద్ద పోటీలే తడబడ్డాయి. 2023లో బోరిస్ ఎల్డాగ్‌సెన్ అనే జర్మన్ ఆర్టిస్ట్ సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డ్స్‌లో గెలిచి, అది ఏఐ బొమ్మ అని తనే చెప్పి అవార్డు వద్దన్నాడు. 2024లో మైల్స్ ఆస్ట్రే దీనికి రివర్స్ చేశాడు. నిజమైన ఫ్లెమింగో ఫొటోను ఏఐ కేటగిరీలో పంపి బహుమతి కొట్టాడు, అసలు సంగతి తెలిశాక తీసేశారు. రెండుసార్లూ జడ్జిలు కళ్లతో చూసి పట్టుకోలేకపోయారు. కాబట్టి “చూస్తే తెలిసిపోతుంది” అనే ధీమా వద్దు. ఎడిట్ ఎంతవరకు ఓకే, జెనరేటివ్ ఎరేజ్ వాడొచ్చా, ఒరిజినల్ ఫైల్ అడిగితే ఇవ్వాలా అనేవి పోటీ ప్రకటనలోనే రాయండి.

రూల్ సగం తెలిసినా ప్రమాదమే. నేచర్ కేటగిరీలో వీరాపురం కొంగల ఫొటో ఒకటి వచ్చింది. చిలమత్తూరు మండలంలోని ఆ ఊళ్లో ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఫొటోలో గూడు కింద పెంకుటిల్లు, పక్కన కరెంటు తీగ. “నేచర్‌లో మనిషి కట్టినవి ఉండకూడదు కదా, తీసేద్దాం” అన్నాను. మేడం ఆపి, ఫోన్‌లో అంతర్జాతీయ సలోన్లు వాడే నేచర్ నిర్వచనం తీశారు. మనిషి కట్టినవి ఆ నేచర్ కథలో తప్పనిసరి భాగమైతే, మినహాయింపు ఉంది. ఇంకో నిమిషమైతే, పోటీలో రూల్‌కి అచ్చంగా సరిపోయే ఫొటోనే రూల్ పేరు చెప్పి బయట పడేసేవాడిని.

ఫీడ్‌బ్యాక్‌ని బగ్ రిపోర్ట్‌లా రాయండి

“నైస్ షాట్ బ్రో” అనేది చదవకుండా అప్రూవ్ కొట్టిన కోడ్ రివ్యూ లాంటిది. “కంపోజిషన్ బాలేదు” అనేది “యాప్ పని చేయట్లేదు” అనే టికెట్ లాంటిది. రెండింటితో అవతలివాళ్లు ఏమీ చేసుకోలేరు. నేను ఇప్పుడు నాలుగు లైన్ల ఫార్మాట్ వాడుతున్నా:

1. నాకేం కనిపించింది: నా కళ్లు మొదట ఎక్కడికి వెళ్లాయి, తర్వాత ఎక్కడికి.
2. ఏది పని చేసింది: ‘లైటింగ్ బాగుంది’ కాదు, ఏ లైట్, ఎక్కడ.
3. ఒక ప్రశ్న: నాకు తప్పుగా అనిపించింది కావాలని చేశారా?
4. ఒకే ఒక్క సలహా: అదే చోట, అదే ఫోన్‌తో, అదే టైమ్‌లో చేయగలిగేది.

నాలుగో లైన్‌లో “మంచి లెన్స్ కొను”, “పొద్దున్నే వెళ్లు” లాంటివి ఉండకూడదు. బగ్ రిపోర్ట్‌లో “వేరే కంప్యూటర్ కొనుక్కో” అని రాయం కదా.

మళ్లీ 17కి వద్దాం

ఆ ఫొటోలో శెనక్కాయ చేను. పోయిన ఏడాది పంటప్పుడు తీసింది. పీకిన చెట్లు కుప్పగా ఉన్నాయి, పక్కన కూర్చుని ఒకామె కాయలు తెంపుతోంది. మిట్టమధ్యాహ్నం, మబ్బు లేని ఎండ. తలమీది టవల్ నీడలో ముఖం సగం నల్లగా ఉంది. నేను రాసిన ఫీడ్‌బ్యాక్ మొత్తం ఇది: “ఫేస్ అండర్ ఎక్స్‌పోజ్డ్. మధ్యాహ్నం షూట్ చేయొద్దు. గోల్డెన్ అవర్ ట్రై చేయి.” టెక్నికల్‌గా ఒక్క ముక్క కూడా తప్పు లేదు. కానీ కూలి పని లైట్ చూసుకుని జరగదు. అనంతపురంలో పుట్టి, నాకు అది గుర్తురాలేదు.

ఆ మెసేజ్ పెట్టి అతను క్లబ్ గ్రూప్ నుంచి బయటికెళ్లిపోయాడు. రెండు రోజులు ఆగి నేనే ఫోన్ చేశా. సారీ చెప్పి, ఫొటో మళ్లీ ముందు పెట్టుకుని, పైన చెప్పిన వరసలో మాట్లాడా. “మొదట నా కళ్లు చేతుల మీదికెళ్లాయి. గోళ్లలో మట్టి, కాయ ఇంకా చెట్టుకే ఉంది, తెంపబోయే క్షణం కరెక్ట్‌గా దొరికింది. ముఖం మాత్రం సగం చీకట్లో ఉంది. కావాలనే వదిలావా?”

కాసేపు ఆగి చెప్పాడు. “మొహం పడకుండా తియ్యమని అమ్మే చెప్పింది అన్నా.”

ముఖం మీద ట్యాప్ చేసి ఎక్స్‌పోజర్ పైకి జరపమని, ఒడి ముందు తెల్ల యూరియా సంచి పరిస్తే ఎండ దానిమీద పడి ముఖానికి వెలుగు కొడుతుందని నా దగ్గర సలహాలు రెడీగా ఉన్నాయి. రెండూ మంచి చిట్కాలే, మీరు వాడుకోండి. ఈ ఫొటోకి మాత్రం రెండూ దండగ. వాడికి కావాల్సింది వేరే: “అయితే సగం ముఖం కనపడటమే సమస్య. ఇంకో రెండడుగులు ముందుకెళ్లి చేతులు మాత్రమే తీయి. జూమ్ వద్దు, నడువు.”

మార్కు మార్చానా అంటే, నా లెక్కలో 2 కాస్తా 3 అయింది. టోటల్ 11 అవుతుంది, మూడో బహుమతికి 13 ఉంది. గెలిచే ఫొటో కాదది, ఆ మాట కూడా అతనికి చెప్పా. ఫీడ్‌బ్యాక్ బాగా ఇవ్వడమంటే మార్కులు పెంచడం కాదు. 11 ఎందుకో, 12 కావాలంటే ఏం చేయాలో అవతలివాళ్లకి తెలియడం.

ఆ ఫొటో ఈ ఆర్టికల్‌లో ఎందుకు లేదని అడుగుతారేమో. వాళ్లమ్మ వద్దన్నారు. అతను మళ్లీ గ్రూప్‌లో చేరాడు, ఇంతవరకు కొత్త ఫొటో ఏదీ పెట్టలేదు. ఎప్పుడు పెడతావురా అంటే, “కాయలు తెంపేటప్పుడు తీస్తా అన్నా, వాన పడితే” అన్నాడు.