పడకగదిలో పిడుగుల మోత

మన ఇళ్లలోని కరెంటుకు ఒక శ్రుతి ఉంది. సెకనుకు 50 కంపనాలు. పాశ్చాత్య స్వరాల లెక్కలో అది బాగా కింది జీ స్వరానికి (49) వెంట్రుకవాసి పైన. ఎలక్ట్రిక్ గిటార్‌ని ఆంప్‌కి తగిలించి, శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ పెంచగానే వినిపించే రొద చాలామటుకు ఈ 50దీ, దాని రెట్టింపైన 100దీ. అమెరికాలో కరెంటు 60 కంపనాలది కాబట్టి అక్కడి రొద వేరే స్వరంలో మూలుగుతుంది. మామూలు ఆరు తీగల గిటార్‌లో అడుగు తీగ 82 దగ్గర మోగుతుంది. హెవీ మెటల్ వాయించే కుర్రాళ్లు మోజుపడే ఎనిమిది తీగల గిటార్‌లో అడుగు తీగ మాత్రం 46 చిల్లర. అంటే గోడలో పారే కరెంటు కన్నా కిందికి దిగి మోగుతుందన్నమాట! రొదను ఫిల్టర్‌తో కోసేద్దామంటే సరిగ్గా ఆ చోటే వాయించాల్సిన స్వరాలుంటాయి. అందుకే దాన్ని పుట్టినచోటే ఆపాలి.

తీగ కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్‌లో ఒకే తీగచుట్ట ఉంటే గిటార్ తీగ కంపనంతో పాటు ఈ రొదనూ పట్టేస్తుంది. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు పెట్టిన ఉపాయం ఇది: రెండు చుట్టలు పక్కపక్కన, ఎదురెదురు దిశల్లో, అయస్కాంత ధ్రువాలు కూడా తారుమారుగా. బయటి రొద రెండింట్లోనూ ఎదురెదురుగా పుట్టి రద్దవుతుంది. తీగ శబ్దం మాత్రం ఒకదానికొకటి తోడవుతుంది. అదే హంబకర్. మెటల్ గిటార్లలో దాదాపు అన్నింట్లో ఉండేది ఇదే.

అయినా రొద వదలకపోతే ముందు రికార్డింగుకు వాడే లాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. తర్వాత త్రీపిన్ సాకెట్ వెనకాల ఎర్త్ వైరు నిజంగా ఉందో, పైకి కనబడే రంధ్రం ఒక్కటే ఉందో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. కరెంటు పోయి స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఫ్యాను గుర్రుమంటున్న వేళ గిటార్ ట్రాకులు తీయకండి. ఫ్యానును సతాయించే ఆ గరుకు కరెంటే రికార్డింగులోకీ దూరుతుంది. వేలు పోసి, రొదను అణిచే నాయిస్ గేట్ పెడల్ కొనేముందు ఎర్తింగ్‌కి ఖర్చుపెట్టడం మేలని నా గట్టి అభిప్రాయం.

చెడిన సామాను, మిగిలిన శబ్దం

మెటల్ సంగీతానికి ఊపిరైన గరుకు శబ్దం చాలామటుకు పాడైపోయిన సామాను పెట్టిన భిక్ష. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ కంట్రీ పాట ‘డోంట్ వరీ’ని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి చెడిపోయింది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో బొంగురుపోయి వచ్చింది. దాన్ని తీసేయకుండా అలాగే ఉంచారు. ఆ ధ్వని కావాలని మిగతావాళ్లూ అడగడం మొదలెట్టేసరికి ఇంజనీరు గ్లెన్ స్నాడీ అదే దోషాన్ని కావాలని పుట్టించే సర్క్యూట్ తయారుచేశాడు. 1962లో గిబ్సన్ దాన్ని మాస్ట్రో ఫజ్‌టోన్ అనే పేరుతో అమ్మకానికి పెట్టింది. మూడేళ్ల తర్వాత రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటతో ఆ పెట్టె దశ తిరిగింది.

లండన్‌లో కింక్స్ బృందపు డేవ్ డేవీస్ దగ్గర ఆ పెట్టె లేకపోయినా బ్లేడు ఉంది. 1964లో పదిహేడేళ్ల ఆ కుర్రాడు తన చిన్న ఆంప్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో చీరేశాడు. ‘యూ రియల్లీ గాట్ మీ’లో వినిపించేది ఆ చిరుగే. ఇంట్లో ప్రయత్నించకండి. 

ఇక మెటల్ గిటారిస్టు టోనీ అయోమీ కథ. మెటల్ వినేవాళ్లలో చాలామందికి సగం తెలుసు. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తున్న పదిహేడేళ్ల అబ్బాయికి ఆ రోజు ఉద్యోగంలో ఆఖరు రోజు. మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. మొదలుపెట్టిన పని ముగించి రమ్మని తల్లి పంపించింది. ఆ పూట యంత్రం ఆయన కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు తెంపేసింది. ఆయన ఎడమచేతివాటం మనిషి, అంటే తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. డీలా పడ్డవాడికి ఫ్యాక్టరీ మేనేజరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. ఆ జాజ్ గిటారిస్టు అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దాదాపు పనికిరాకుండా పోయినా మిగతావాటితోనే అంత వాయించాడు.

తెలియని సగం ఇక్కడ మొదలవుతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్లకు తొడుగులు చేసుకుని, పైన పాత తోలు కోటు ముక్క అతికించుకున్నాడు అయోమీ. మామూలు తీగలు నొక్కితే నొప్పి, సన్నతీగల సెట్లు అప్పట్లో దొరకవు. బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి కట్టాడు. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌కి వచ్చేసరికి గిటార్ శ్రుతినే మూడు మెట్లు దించేశాడు. తీగ వదులైతే వేలికి హాయి, చెవికేమో అంతవరకూ ఎవరూ వినని బరువు. ఈనాడు వేలాదిమంది ‘డౌన్‌ట్యూనింగ్’ పేరుతో చేస్తున్నది గాయపడ్డ వేళ్లకు వెసులుబాటు కోసం ఒక మనిషి చేసుకున్న సర్దుబాటు.

నిలకడ గురించి పాలకొల్లు

డిస్టార్షన్ ఇచ్చే అసలు వరం గరుకుదనం కాదు, నిలకడ. మీటగానే ఉవ్వెత్తున లేచే శబ్దపు శిఖరాన్ని అది కోసేస్తుంది. వెనకే సన్నగిల్లుతూ వచ్చే తోకను పైకి లేపుతుంది. దాంతో స్వరం చావకుండా సాగుతుంది. ఈ అవసరం మెటల్‌ది మాత్రమే కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ మెటల్ వాయించలేదు. కానీ చిక్కు అదే. మామూలు మాండలిన్‌కి నాలుగు జతల తీగలు. జత తీగల మీద గమకం లాగడం కష్టం, లాగేలోపు శబ్దం ఆరిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు బిగించాడు. రాగాలాపనకు కావలసిన నిడివి కరెంటు ఇచ్చింది. మన గిటార్ కుర్రాళ్లు స్వరాన్ని ఊపే వైబ్రాటో నేర్చుకోవడానికి విదేశీ వీడియోలతో పాటు ఆయన కచేరీ ఒకటి వింటే నష్టం లేదు.

నాలుగు నాబ్‌లూ చివరిదాకా

1983లో జపాన్ కంపెనీ బాస్ ‘హెవీ మెటల్’ అని పేరుపెట్టి హెచ్‌ఎం-2 పెడల్ వదిలింది. పెద్ద ఆంప్ మోత చిన్న పెట్టెలో ఇవ్వాలన్నది ఉద్దేశం. పేరున్న మెటల్ వాయిద్యకారులు పెద్దగా పట్టించుకోలేదు. 1991లో తయారీ ఆపేశారు. ఈలోపు స్టాక్‌హోమ్‌లో డబ్బుల్లేని కుర్రాళ్లు దానికి ఉన్న నాలుగు నాబ్‌లనూ చివరిదాకా తిప్పి చూశారు. ఏ తయారీదారూ సలహా ఇవ్వని అమరిక అది. సన్‌లైట్ స్టూడియోలో టోమస్ స్కోగ్స్‌బెర్గ్ రికార్డు చేసిన ఎంటూమ్డ్ బృందపు ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’ (1990) ఆ రంపపు మోతతోనే నిండి ఉంటుంది. స్వీడిష్ డెత్ మెటల్ అనే శాఖకు శబ్దం ఈ పెడలే. చివరికి బాస్ కంపెనీ ఆ పెడల్‌ను మళ్లీ తయారుచేసి అమ్మింది.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్‌ది. బ్లూస్‌వాళ్లకు ప్రియమైన ఆ పచ్చ పెట్టెలో మెటల్‌వాళ్లు డ్రైవ్ నాబ్‌ను సున్నాకు దించి, లెవెల్ మాత్రం పెంచుతారు. డిస్టార్షన్ పెడల్‌ను డిస్టార్షన్ లేకుండా వాడటం ఏమిటంటారా? దాని సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ కింది శబ్దాన్ని తగ్గించి పంపుతుంది. ఆ మందం ముందే తగ్గితే, అసలే గెయిన్ ఎక్కువున్న ఆంప్‌లో అడుగు స్వరాలు ముద్దగా పోకుండా విడివిడిగా కొడతాయి. అరచేతి అంచుతో తీగను అణిచి వాయించే రిఫ్‌లకు ఇంతకన్నా చౌక చికిత్స లేదు.

మెటల్ స్టూడియోలు దశాబ్దాలుగా కొలిచే పీవీ 5150 ఆంప్ పేరు కాలిఫోర్నియా చట్టంలోని సెక్షన్ నంబరు. మతిస్థిమితం తప్పి తనకో ఇతరులకో అపాయం తెచ్చేలా ఉన్న మనిషిని 72 గంటలు నిర్బంధించే సెక్షన్ అది. గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ ఆ అంకెను ముందు తన ఇంటి స్టూడియోకు పెట్టుకున్నాడు. 1983లో పెరట్లో ఆ స్టూడియో కట్టేటప్పుడు నగరపాలక అధికారులకు రాకెట్‌బాల్ ఆట గది అని చెప్పారు. 1992లో పీవీతో కలిసి తెచ్చిన ఆంప్‌కీ అదే పేరు. తర్వాత ఆయన పీవీని వదిలి పేరు తనతో తీసుకెళ్లేసరికి, కంపెనీ అదే ఆంప్‌ను 6505 అని మార్చి అమ్మింది. 1965 నుంచి 2005, అంటే కంపెనీకి నలభై ఏళ్లు. లోపలి వైరింగ్ మాత్రం పాతదే.

ఇంట్లోనే

ఇంటి రికార్డింగ్ కంప్యూటర్లతో రాలేదు. 1979లో టియాక్ కంపెనీ మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాకులు తీసే పోర్టాస్టూడియో తెచ్చింది. గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ దాని మీద ఇంట్లో తీసుకున్న నమూనాలే 1982లో ‘నెబ్రాస్కా’ ఆల్బమ్‌గా వచ్చాయి. స్టూడియోలో మళ్లీ చేసి చూస్తే ఆ ప్రాణం రాలేదట. నార్వేలో డార్క్‌త్రోన్ బృందపు ‘ట్రాన్సిల్వేనియన్ హంగర్’ (1994) కూడా ఇంటి నాలుగు ట్రాకుల యంత్రం మీదే తయారైంది. గిటార్, బేస్, డ్రమ్స్ మూడూ ఆ బృందంలోని ఫెన్‌రిజ్ ఒక్కడే వాయించాడు. బర్జమ్ పేరుతో 1993లో రికార్డైన ‘ఫిలోసోఫెమ్’ ఇంకా విడ్డూరం: దొరికినవాటిలో అన్నిటికన్నా అధ్వానమైన మైకు కావాలని అడిగి ఒక హెడ్‌సెట్‌తో పాడి, గిటార్‌ను ఆంప్‌కి కాక ఇళ్లలో పాటలు వినే స్టీరియోకి తగిలించారు. చేసినవాడు ఆ తర్వాత హత్యకేసులో జైలుకెళ్లాడు, అతన్ని మెచ్చుకునేదేమీ లేదు. ఆ శబ్దాన్ని అనుకరించడానికి ఇప్పుడు జనం ఖరీదైన ప్లగిన్లు కొనడమే వింత.

స్వీడన్ బృందం మెషుగా చేసింది మరో ఎత్తు. వాళ్ల డ్రమ్మర్ టోమస్ హాకె ప్రపంచంలోని మేటివాళ్లలో ఒకడు. అయినా 2005 నాటి ‘క్యాచ్ థర్టీత్రీ’లో డ్రమ్స్ ఆయన కూర్చుని వాయించలేదు. అంతకుముందు ఆయనే దెబ్బదెబ్బగా రికార్డు చేయించిన ‘డ్రమ్‌కిట్ ఫ్రమ్ హెల్’ అనే నమూనాల భాండారంతో కంప్యూటర్‌లో అమర్చారు. డ్రమ్మర్ దొరక్క ప్రోగ్రామింగ్ చేసుకుంటున్న కాలేజీ కుర్రాడు సిగ్గుపడక్కర్లేదు. అదే బృందానికి ‘నథింగ్’ (2002) రికార్డు చేసే సమయానికి ఎనిమిది తీగల గిటార్లు సిద్ధం కాలేదు. ఏడు తీగలవాటినే వదులు చేసి లాక్కొచ్చారు. 2006లో గిటార్లు మళ్లీ రికార్డు చేసి విడుదల చేశారు.

ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లు విరివిగా వాడే రీపర్ సాఫ్ట్‌వేర్ రాసింది జస్టిన్ ఫ్రాంకెల్. పేరు గుర్తురాకపోయినా పని గుర్తుంటుంది: ఇంటర్నెట్ సెంటర్ల రోజుల్లో మన ఎంపీత్రీ పాటలన్నీ మోగించిన విన్‌యాంప్ ఆయనదే.

కొత్తవాళ్లను వేధించే భూతం లేటెన్సీ, అంటే మీటిన తర్వాత హెడ్‌ఫోన్లో వినబడటానికి పట్టే ఆలస్యం. అంకెలు చూస్తే భయం సగం పోతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో, కంప్యూటర్ ఒక్కో విడతకు కూడబెట్టే బఫర్ 256 శాంపిళ్లు అంటే 5.3 మిల్లీసెకన్లు. వెళ్లడానికి ఒకసారి, రావడానికి ఒకసారి కలిపితే పదిన్నర. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లే నడుస్తుంది. అంటే మీ ఆలస్యం ఆంప్‌కి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడ్డంత. వేదికల మీద అంతకన్నా దూరంలో నిలబడి వాయించేవాళ్లు ఎందరో. బఫర్ 1024 పెట్టుకుని తాళం తప్పుతోందని ఏడవడం మాత్రం మన తప్పే.

ఆంప్ ధ్వనిలో ఆంప్ కన్నా స్పీకరుకే ఎక్కువ మాట చెల్లుతుందన్నది తొందరగా నమ్మబుద్ధి కాని విషయం. పన్నెండంగుళాల గిటార్ స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ పైన చతికిలపడుతుంది. ఆ చేతకానితనమే వడపోత. అది లేకుండా డిస్టార్షన్‌ను నేరుగా రికార్డు చేస్తే పళ్లు జివ్వుమంటాయి. ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఫైలు చేసేది ఆ స్పీకరు, మైకుల వడపోతను కంప్యూటర్‌లో జోడించడమే. ఉచితంగా బోలెడు దొరుకుతాయి. కొత్త గిటార్ కొనేముందు పది మార్చి చూడండి.

గిటార్ ట్రాకును కాపీ చేసి కుడిఎడమలకు పెడితే వెడల్పు రాదు. రెండూ ఒకటే కాబట్టి చెవి దాన్ని నడిమధ్యనే వింటుంది, కాస్త గట్టిగా. వెడల్పు కావాలంటే రిఫ్ మళ్లీ మొదటినుంచి వాయించాల్సిందే. రెండు చేతిపనుల మధ్య ఉండే సన్నని తేడాలే ఆ గోడను కడతాయి. గిటారిస్టు ర్యాండీ రోడ్స్ సోలోలను సైతం స్వరం పొల్లుపోకుండా మూడుసార్లు వాయించి పేర్చేవాడు.

గిటార్ బరువు అనుకునేదాంట్లో సగం బేస్ గిటార్‌ది. నమ్మకపోతే బేస్ దాదాపు వినబడని మెటాలికా ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ (1988) విని చూడండి. అదే బృందపు ‘డెత్ మాగ్నెటిక్’ను (2008) గట్టిగా మోగాలని ఎంత నొక్కేశారంటే, గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో వచ్చిన అవే పాటలు మెరుగ్గా ఉన్నాయని అభిమానులే గోల పెట్టారు. ఇప్పుడు స్పాటిఫై వంటివి అన్ని పాటలనూ దాదాపు ఒకే గట్టితనానికి దించుతాయి కాబట్టి గట్టిగా మోగించే ఆ పోటీకి అర్థమే పోయింది.

చిల్లర విశేషాలు కొన్ని. గిటార్ ఆంప్‌ల ముందు కనిపించే షూర్ ఎస్‌ఎం57 మైకు 1965 నాటిది. అమెరికా అధ్యక్షుల ప్రసంగ వేదిక మీద ఉండేదీ అదే. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1962లో చేయించిన తొలి ఆంప్ ఒక ఫెండర్ ఆంప్‌కు దగ్గరి నకలు. ఒక సినిమాలో ఒక పాత్ర తన ఆంప్ నాబ్ పదకొండు దాకా తిరుగుతుందని గొప్పలు పోతే, 1990లో మార్షల్ కంపెనీ ఇరవై దాకా అంకెలు వేసి నిజంగానే అమ్మింది. ఇక ఈఎమ్‌జీ వంటి యాక్టివ్ పికప్‌లున్న గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దానికి స్విచ్ ఎక్కడా కనబడదు, ఎందుకంటే కేబుల్ జాకే స్విచ్. వాయించడం అయ్యాక కేబుల్ పీకకుండా పడుకుంటే బ్యాటరీ తెల్లారేదాకా అరుగుతూనే ఉంటుంది.